ఇన్ని పథకాలున్నా పేదరికం ఎందుకు పోవడం లేదు? పాలమూరు వలస కుటుంబం నుంచి నా జవాబు

పథకాలు ఇన్ని ఉన్నా పల్లెలోనూ పట్నంలోనూ కొన్ని కుటుంబాలు తరాల తరబడి పేదగానే ఎందుకు మిగిలిపోతున్నాయి, ఇందులో లోకల్ రాజకీయాల పాత్ర ఎంత అని అడిగారు. మాది పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడిపోయిన నారాయణపేట జిల్లాలో ఓ పల్లె. అమ్మానాన్న, కూలీల గుంపుల్ని పనికి తీసుకెళ్లే మేస్త్రీ వెంట ముంబై, పుణె వెళ్లి మట్టిపని చేశారు. నేను పక్క ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరిగాను. నాకు తెలిసింది ఆ బతుకే, దాని గురించే చెబుతాను.

మా దగ్గర అన్నీ లిస్టు దగ్గరే తేలిపోతాయి. ఇల్లు, పింఛను, రేషన్ కార్డు, ఏది కావాలన్నా ముందు లిస్టులో పేరుండాలి. పేరుండాలంటే అది రాసే రోజు మనం ఊళ్లో ఉండాలి. దసరాకి మేస్త్రీ అడ్వాన్స్ చేతిలో పెడతాడు. దీపావళి దాటాక గుంపుగా బయల్దేరితే మళ్లీ ఉగాదికే ఇంటి ముఖం చూసేది. ఈ మధ్యలో సర్వేకి వచ్చినవాళ్లు తాళం చూసి 'డోర్ లాక్' అని రాసుకుని పక్కింటికి వెళ్లిపోతారు. ఇళ్ల లిస్టులో మా పేరు అలాగే పోయింది. నాన్న వెళ్లి అడిగితే, "మీరు ఊళ్లో ఉండరు కదా, మీకెందుకు ఇల్లు" అన్నాడు అప్పటి ఊరి లీడర్ ఒకాయన. మా వరసలోనే, అప్పటికే స్లాబు ఇల్లున్న కుటుంబానికి మాత్రం మంజూరైంది. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి "వీళ్లు పనికి పోయారు, పేరు రాయండి" అని చెప్పే మనిషి ఒకరు కావాలి. లీడర్ ఆ మాట తన వాళ్ల కోసమే చెబుతాడు. ఊరి రాజకీయమంటే నాకు మొదట అర్థమైంది ఇదే.

2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒకే రోజు ఇంటింటి సమగ్ర కుటుంబ సర్వే అన్నప్పుడు, వానాకాలంలోనూ బయటే ఉండిపోయిన మా వాళ్లంతా పనులు వదిలేసి, చార్జీలకి అప్పు చేసి మరీ వచ్చారు. "ఊర్ల లేకుంటే లిస్టుల ఉండం బిడ్డా" అనేది అమ్మ.

సర్పంచ్ ఎన్నికలప్పుడు మాత్రం మమ్మల్ని ఎవరూ మర్చిపోరు. ముంబైకి ఫోన్లు వస్తాయి, బండ్లు మాట్లాడి పంపిస్తారు. వార్డుకి వంద, రెండొందల ఓట్లుండే చోట పది ఓట్లు అటూ ఇటూ అయితే ఫలితమే మారిపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి పోలింగ్ అయిపోతుంది, రెండింటికి లెక్కింపు మొదలవుతుంది. సాయంత్రానికల్లా ఏ వాడ ఎటు వేసిందో ఊరంతా లెక్కగట్టేస్తుంది. ఓడినవాళ్ల వైపు ఉన్నామని తేలితే, ఐదేళ్లు ఏ కాగితం మీదా సంతకం తేలిగ్గా దొరకదు. సర్పంచులందరూ దోచుకునేవాళ్లని నేననను. అప్పు చేసి గెలిచి, మళ్లీ అప్పు చేసి పనులు చేయించి, బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. కానీ ఆ అప్పు భారం కూడా చివరికి ఊరి మీదే పడుతుంది.

ఉపాధి హామీ 2006లో మొదటి విడతగా 200 జిల్లాల్లో మొదలైనప్పుడు మహబూబ్‌నగర్ కూడా అందులో ఉంది. పని కావాలని అడిగితే తేదీ వేసిన రసీదు ఇవ్వాలి, పదిహేను రోజుల్లో పని చూపించాలి, లేదంటే భృతి ఇవ్వాలి అని చట్టంలో రాశారు. మా ఊళ్లో ఆ రసీదు నేనెన్నడూ చూడలేదు. "పని వచ్చినప్పుడు చెప్తాలే" అనడమే ఉండేది. కూలి డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు. మేస్త్రీ మాత్రం దసరాకే డబ్బు ఇస్తాడు. ఇంట్లో పెళ్లో ఆస్పత్రి ఖర్చో ఉన్నవాళ్లు ఎటు పోతారు?

నాకు బాగా కోపం తెప్పించిన విషయం ఇంకొకటి ఉంది. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పథకం కింద భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తామంది. ఉద్దేశం మంచిదే. కానీ 2023-24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలని షరతు పెట్టారు. ఊళ్లో పని దొరక్క ముంబై పోయినవాడికి ఆ 20 రోజులు ఎక్కడి నుంచి వస్తాయి? అందరికన్నా పేదవాడే ఆ షరతుతో బయటపడ్డాడు. దానికి తోడు 2018లో మా వైపు మక్తల్, కోస్గి లాంటి ఊళ్లు మున్సిపాలిటీలయ్యాయి. మున్సిపాలిటీలో కలిసిన పల్లెకి ఉపాధి హామీ ఉండదు. రోడ్డు పక్కన భూమి ఉన్నవాళ్లకి రేటు పెరిగింది, భూమిలేని వాళ్లకి ఉన్న పని కూడా పోయింది.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా ఇంటి దగ్గర, పని కోసం కూలీలు నిలబడే అడ్డా మీద పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడేవాళ్లలో పాలమూరు వాళ్లు చాలామంది. ఓటు ఊళ్లో, బతుకు ఇక్కడ. బస్తీలో డ్రైనేజీ పొంగినా వాళ్ల మాట వినేవాళ్లు ఉండరు. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లకి 74 లక్షల మంది ఓటర్లు, అంటే ఒక్కో కార్పొరేటర్‌కి సుమారు యాభై వేల మంది. ఓటే లేని అడ్డా కూలీ అందులో ఎవరికి కనిపిస్తాడు?

నా కళ్ల ముందు నిజంగా మార్పు తెచ్చింది రేషన్ పోర్టబిలిటీ. కార్డు ఊరిదైనా ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ షాపులోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. మహారాష్ట్రలో ఉన్నవాళ్లకి కూడా ఆ వీలు వచ్చింది. ఊళ్లో డీలర్‌ని, లీడర్‌ని బతిమాలే పని తప్పింది. పింఛనుకి, ఇంటికి, ఉపాధికి కూడా ఇలాంటి ఏర్పాటే కావాలని నా అభిప్రాయం.

అంతవరకు మా ఊరి కుర్రాళ్లం రెండే అడుగుతున్నాం. లబ్ధిదారుల ఎంపికకు పెట్టే గ్రామసభ ఉగాది వారంలో, వలస పోయినవాళ్లు ఇళ్లలో ఉన్నప్పుడు పెట్టాలి. ఎంపికైన పేర్లతో పాటు 'డోర్ లాక్' అని రాసిన ఇళ్ల పేర్లు కూడా ఆ సభలో పైకి చదవాలి. మీ ఊళ్లో కూడా ఎవరైనా ఇలా అడిగి సాధించి ఉంటే, ఎలా చేశారో కింద రాయండి.