బీఏ పొలిటికల్ సైన్స్: ఆప్షన్ పెట్టే ముందు లైబ్రరీలోకి వెళ్లి చూడండి

"మాది కర్నూలు. అమ్మాయి ఇంటర్ హెచ్‌ఈసీ అయిపోయింది. బీఏ పొలిటికల్ సైన్స్‌కి ఏ ప్రభుత్వ యూనివర్సిటీ మంచిది?" అని అడిగారు. మాది అనంతపురం. మా అక్క కూతురిని ఇదే చదువులో చేర్పించడానికి సీమంతా తిరిగాను కాబట్టి చెబుతున్నాను.

మన రాయలసీమ, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన యూనివర్సిటీల క్యాంపస్‌లు ప్రధానంగా పీజీ వాళ్లకు. బీఏ పాఠాలు జరిగేది వాటి కింద ఉన్న డిగ్రీ కాలేజీల్లో. పట్టా మీద యూనివర్సిటీ పేరుంటుంది, పిల్ల రోజూ కూర్చునేది కాలేజీ బెంచీ మీద. కాబట్టి మీరు చూడాల్సింది కాలేజీని.

ఒక ప్రభుత్వ కాలేజీకి వెళ్లాం, పేరు వద్దులెండి. "పొలిటికల్ సైన్స్ మేజర్ ఉంది సార్, ఆప్షన్ పెట్టేయండి" అన్నాడు గుమాస్తా. మేజర్ అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు. పాఠం ఎవరు చెబుతారంటే, గెస్ట్ లెక్చరర్‌ని వేస్తారట, ఎప్పుడో తెలీదట. పోనీ లైబ్రరీ చూస్తామన్నాం. అటెండరు తాళాలగుత్తి వెతికి తెచ్చి బీరువా తెరిచాడు. మా పిల్ల రాజ్యాంగం మీద ఒక లావుపాటి పుస్తకం తీసి, వెనక అట్టకు లోపల అంటించిన చీటీ చూపించింది. పుస్తకం తిరిగి ఇవ్వాల్సిన తేదీల ముద్రలు వేసే చీటీ అది. ఆఖరి ముద్ర తను పుట్టకముందుది! కింది అరలో గైడ్లు, బిట్ బ్యాంకులు మాత్రం అట్టలూడి, మూలలు నల్లబడి ఉన్నాయి. "వద్దు మామా" అంది అక్కడే. నేను మారు మాట్లాడలేదు.

సీమలో బీఏ అనగానే "గ్రూప్స్‌కి పనికొస్తుందా?" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. బిట్లు బట్టీ పట్టడానికి డిగ్రీ ఎందుకు? అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం పెట్టాలని కోస్తా, సీమ నాయకులు 1937 శ్రీబాగ్ ఒడంబడికలోనే రాసుకున్నారు. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఏర్పడింది 1981లో. మీ కర్నూలు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, 1956కల్లా ఆ హోదా పోయింది. ఇవన్నీ ఎందుకలా జరిగాయో మన పిల్లలు చదవకపోతే ఇంకెవరు చదువుతారు? ఈ సంగతులు క్లాసులో పెట్టి పిల్లలతో వాదించే మాస్టారు ఒక్కరున్నా చాలు, నేనైతే కళ్లు మూసుకుని అక్కడ చేర్పిస్తాను.

కర్నూలులోనే ఉంచాలనుకుంటే క్లస్టర్ యూనివర్సిటీ కింద ఉన్న సిల్వర్ జూబ్లీ, కేవీఆర్ మహిళా కాలేజీలు చూడండి. మా ఊళ్లో ఆర్ట్స్ కాలేజీ 1916 నాటిది, నీలం సంజీవరెడ్డి చదివిన చోటు. కానీ వందేళ్ల పేరు చూసి చేర్చకండి, ఈ ఏడాది టైంటేబుల్ అడగండి. మేజర్ పేపర్ల ఎదురుగా లెక్చరర్ల పేర్లున్నాయో లేదో చూడండి. ఒక్క మేజరే ఉండే పద్ధతి వచ్చాక ఇది మరీ ముఖ్యం. చాలినంత మంది చేరలేదని వేరే మేజర్‌కి మార్చుకోమంటే, ఇష్టపడి వచ్చిన పిల్ల ఏమైపోవాలి?

హాస్టల్లో ఉంచడానికి మీరు సిద్ధమైతే మాత్రం నా ఓటు కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే. అనంతపురంలో 2018లో మొదలైన దాంట్లో బీఏ ఆనర్స్ ఉంది. హైదరాబాద్‌లో ఇంటర్ మీద ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. ఢిల్లీ దాకా పంపగలిగితే, ఢిల్లీ యూనివర్సిటీలో టీటీడీ నడిపే శ్రీ వెంకటేశ్వర కాలేజీ ఉంది. అక్కడ పక్క బెంచీలో వేరే రాష్ట్రం పిల్ల కూర్చుంటుంది, ఆమెతో వాదించాలంటే మన పిల్ల చదివి తీరాలి. వీటికి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. తెలుగులోనూ రాయొచ్చు. ఇంటర్ పరీక్షల టెన్షన్‌లో దరఖాస్తు గడువు దాటిపోవడం మన దగ్గర మామూలైపోయింది. ఈ ఏడాది దాటిపోయి ఉంటే బెంగపడకండి, మంచి లెక్చరర్ ఉన్న కాలేజీలో ఇప్పుడు చేర్చి, వచ్చేసారి సీయూఈటీ రాయించండి.