పేరు తర్వాత అడుగుదువుగాని

తమ్ముడూ,

నీ ఉత్తరం, దాంతో పంపిన తలకోన వ్యాసం రెండూ చదివాను. పన్నెండు మంది కలిసి తెల్లారకముందే నడక మొదలుపెట్టడం, జలపాతం దగ్గర ఇడ్లీ పొట్లాలు విప్పడం బాగా రాశావు. అడవిలోకి వెళ్లేసరికి మాత్రం 'పచ్చని చెట్లు', 'పక్షుల కిలకిలారావాలు', 'ప్రకృతి ఒడి' వచ్చేశాయి. వాటికోసం కొండెక్కక్కర్లేదు, ఇంట్లో కూర్చుని రాసేయొచ్చు. ఎలా చూడాలో చెప్పమన్నావు కదా, చెబుతాను. నాకు చూడటం నేర్పినవి గుంపుగా కొండెక్కేటప్పుడు పిల్లలతో ఆడిన ఆటలు.

అన్నిటికంటే నాకిష్టం కళ్లకు గంతల ఆట. ఇద్దరిద్దరు జత కట్టాలి. ఒకరి కళ్లకు తువ్వాలు కట్టి, నాలుగు మెలికలు తిప్పి, ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్లాలి. వాళ్లు దాన్ని తడమాలి, వాసన చూడాలి, చేతులు చాచి చుట్టుకొలత పట్టాలి. మళ్లీ మెలికలు తిప్పి వెనక్కి తెచ్చి, గంతలు విప్పి, 'నీ చెట్టేదో చూపించు' అనాలి. దారి చూపేవాడు ముందే చెట్టు చుట్టూ చూసుకోవాలి సుమా. దూలగొండి తీగ అల్లుకుని ఉంటే ఆ రోజంతా దురదే. చీమల బారు ఉన్నా వదిలెయ్.

ఒకసారి నల్లమలలో బడిపిల్లలతో ఈ ఆట ఆడాం. ఏడో తరగతి కుర్రాడికి వచ్చింది తపసి చెట్టు. తెల్లగా, నున్నగా ఉంటుంది, బెరడు ఉల్లిపొరలా లేస్తుంది. చుట్టుపక్కల అలాంటివే మరో మూడున్నాయి. వాడు ఒక్కోదాని దగ్గరా కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించి, ఇది కాదు, ఇది కాదు అంటూ వెళ్లాడు. నాలుగోదాని దగ్గర ఆగాడు. వాడి మోకాలి ఎత్తులో పాత గాటు ఒకటి ఉంది. దాని అంచు పెదవిలా ఉబ్బి, కింద బంక గట్టిపడి ఉంది. చెంచులు తపసి బంక తీస్తారని, ఆ చెట్టు పేరు తపసి అని అప్పుడు చెప్పాను. ముందే చెప్పి ఉంటే వాడి చెయ్యి ఆ గాటు దాకా వెళ్లేది కాదని నా నమ్మకం. పేరు తెలియగానే చెట్టు తెలిసిపోయిందనుకుంటాం, అక్కడితో వెతకడం మానేస్తాం. అందుకే నువ్వూ పేరు చివర అడుగు.

రెండోది చప్పుళ్ల పటం. ఒకరికొకరు కనిపించేంత దూరంలోనే విడివిడిగా కూర్చోండి. కాగితం మధ్యలో ఇంటూ గుర్తు పెట్టుకో, అది నువ్వు. పది నిమిషాలపాటు ఏ చప్పుడు ఎటునుంచి, ఎంత దూరంనుంచి వస్తే అక్కడ రాయి. పిట్ట పేరొద్దు, కూత రాయి. జెముడుకాకి 'ఊప్ ఊప్' అంటే అదే రాయి. మన భాషలో సరసర, టకటక, గలగల బోలెడున్నాయి. అయినా ఎండుటాకుల మీద తొండ పరుగు 'సరసర'లో ఇమడదు, ఆగి ఆగి వస్తుంది. దానికి మాట నువ్వే వెతుక్కోవాలి. రచయితగా నీ పని అక్కడే మొదలవుతుంది.

తర్వాత కాగితాలన్నీ నేలమీద పరిచి చూడండి. నీటి హోరు అందరి దాంట్లోనూ ఉంటుంది. మిగతావి ఒకరికి దొరికినవి ఇంకొకరికి దొరకవు. నా కాగితంలో వెనకవైపు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. మూడు నాలుగు నడకలయ్యాక గాని నాకది తట్టలేదు. ఇంటికొచ్చి పాత కథలు తీసి చూస్తే, వాటిలోనూ నా పాత్రలకు ఎదురుగా ఉన్నదే కనిపిస్తోంది, వెనకాల ఏ చప్పుడూ లేదు. ఒంటరిగా వెళ్లుంటే ఈ లోటు నాకు తెలిసేదే కాదు. గుంపుతో వెళ్లమనేది అందుకే.

ఇంకోటి, తడి ఇసుకలో జాడ కనిపిస్తే ఆడేది. ఒకరు ఇది ఫలానా జంతువు అనాలి, మిగతావాళ్లు 'ఎలా తెలుసు?' అని మాత్రమే అడగాలి. నక్క, కుక్క జాడల్లో గోళ్ల గుర్తులుంటాయి. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి మామూలుగా పడవు. నాలుగుసార్లు 'ఎలా తెలుసు?' అనిపించుకుంటే, రాసేటప్పుడు ఆ ప్రశ్న నీ చెవిలోనే ఉంటుంది.

నన్ను ఆ ప్రశ్న మొదట అడిగింది ఒక పాఠకుడు. తొలి రోజుల్లో ఒక కథలో శ్రావణమాసపు వానలో మోదుగపూలు పూయించాను. మోదుగు ఆకు రాల్చి శివరాత్రికి అటూ ఇటూ పూస్తుందని, హోలీకి ఆ పూలతోనే రంగు కాస్తామని ఆయన కార్డు రాశారు. కథ గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది? ఆ పువ్వు దగ్గరే ఆయనకు నా మీద నమ్మకం పోయింది. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

మళ్లీ వెళ్లేటప్పుడు అటవీశాఖ వాళ్లను అడిగి, దారి తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. ఎలుగులు తిరిగే చోట గంతల ఆట వద్దు. వచ్చాక నాకు వ్యాసం పంపకు. నీ చప్పుళ్ల కాగితం పంపు, మట్టి అంటి ఉన్నా సరే. వెనకవైపు ఏం రాశావో చూడాలి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య