ఆ గ్లాసులో చేప ఎక్కడుంది, అమ్మలూ?

చిరంజీవి అమ్మలుకు,

మామయ్య ఆశీస్సులు. వచ్చే ఆదివారం మీ ఇంట్లో పన్నెండు మందికి బ్రంచ్ అనీ, నువ్వు కాక మరో ముగ్గురు వీగన్లు (జంతువుల నుంచి వచ్చేవేవీ ముట్టనివాళ్లు) వస్తున్నారనీ, అందరికీ బ్లడీ మేరీ చేసి ఇవ్వాలనుందనీ ఫోనులో చెప్పావు. "టమాటా రసంలో వోడ్కా పోయడమే కదా మామయ్యా, ఇందులో వీగన్ కానిదేముంది?" అని కూడా అన్నావు. ఆ మాట విన్నాక ఇది ఫోనులో తేలే వ్యవహారం కాదనిపించి ఉత్తరం రాస్తున్నాను. షికాగోలో ఇరవై ఏడేళ్లు హోటల్ బార్ కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి. సరిగ్గా నీ మాటే ఒకప్పుడు నేనూ ఒక అతిథితో అని తల దించుకున్నాను.

అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఆదివారం పొద్దున్న పదకొండు గంటలు, కౌంటర్ ముందు రెండు వరుసల జనం. ఒకావిడ బ్లడీ మేరీ అడిగి, "ఇందులో మాంసం, చేప, పాలు ఏవీ ఉండవు కదా?" అంది. "టమాటా రసమేనండీ" అని నవ్వుతూ గ్లాసు చేతికిచ్చాను. సగం తాగాక ఆవిడ చూపు నా మోచేతి పక్కనున్న సాస్ సీసా మీద పడింది. చెయ్యి చాచి అందుకుంది. వెనక్కి తిప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, చీటీని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివింది. తర్వాత సీసాను నా వైపు తిప్పి ఒక మాట కింద గోరు ఆనించింది. యాంకోవీలు. కోప్పడలేదు. గ్లాసును పక్కకు జరిపి మంచినీళ్లు ఇమ్మంది, అంతే. రోజుకు యాభైసార్లు చేతిలోకి తీసుకునే సీసా అది. రెండేళ్లలో ఒక్కసారి కూడా వెనక ఏముందో చూడలేదు.

యాంకోవీ అంటే మన కోస్తాలో నెత్తళ్ళు అంటారే, ఆ జాతి చిన్న చేప. బ్లడీ మేరీలో అందరూ చుక్కలు చుక్కలుగా వేసే వూస్టర్ సాస్‌లో అది పులిసి కరిగిపోయి ఉంటుంది. ఇంగ్లండులోని వూస్టర్ పట్టణంలో లీ, పెరిన్స్ అనే ఇద్దరు మందుల దుకాణదారులు 1837లో ఆ సాస్‌ను అమ్మకానికి పెట్టారు. వెనిగర్, మొలాసిస్ (నల్లటి చెరకు మడ్డి), ఉల్లి, వెల్లుల్లి, మసాలా దినుసులు, యాంకోవీలు, వాటితోపాటు చింతపండు. ఆశ్చర్యపోకు, మన చింతపండే. పులుపు, తీపి, కారం, ఘాటు అన్నీ కలిసిన ఆ సాస్‌ను నాలుక మీద వేసుకుంటే బెల్లం వేసి బాగా మరిగించిన పులుసుకు దూరపు చుట్టంలా తగులుతుంది. అందుకే నీకు ఈ పని తేలిక. పులుసు కాచడం తెలిసిన ఇంట్లో పుట్టావు.

ఇంకో సంగతి. ఈ పానీయం మొదట్లో చేప లేకుండానే ఉండేదట. పారిస్‌లోని హ్యారీస్ న్యూయార్క్ బార్‌లో 1920లలో పనిచేసిన ఫెర్నాండ్ పెటియో అనే బార్‌మన్ దీన్ని తానే చేశానని చెప్పుకునేవాడు. అమెరికాలో మద్యనిషేధం 1933లో ఎత్తేశాక, మరుసటి ఏడు న్యూయార్క్‌లోని సెయింట్ రీజిస్ హోటల్‌కు వచ్చాడు. అక్కడ దీన్ని రెడ్ స్నాపర్ అనే పేరుతో అమ్మారు. చాలా ఏళ్ల తర్వాత ఆయనే, తన చేతికి వచ్చేనాటికి ఇది ఉత్త వోడ్కా, టమాటా రసం అనీ, ఉప్పు, మిరియాలు, కారం, నిమ్మరసం, వూస్టర్ సాస్ తాను చేర్చినవనీ అన్నాడు. ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకుంటారు గానీ, చేప ఆ వూస్టర్ సాస్ సీసాలోంచే వచ్చిందన్నది మాత్రం నిజం. కనుక నువ్వు సంప్రదాయాన్ని పాడుచేస్తున్నావని ఎవరైనా అంటే ఈ కథ వినిపించు.

అలాగని సాస్ మానేసి ఊరుకోకు. చాలామంది చేసే తప్పు అదే. అది తీసేసిన గ్లాసు చల్లారిన టమాటా సూపులా ఉంటుంది, రెండో గుక్క ఎవరూ తాగరు. ఆ చేప అందులో ఏదో పని చేస్తోంది. ఆ పని చేసే ఇంకొకరిని నువ్వు వెతికి పెట్టాలి. టమాటాలో రుచినిచ్చే గ్లూటమేట్ అనే పదార్థం దండిగా ఉంటుంది. 1908లో జపానులో కికునాయే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచులో దాన్ని గుర్తించి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. చేపలో ఉండేది వేరు, ఇనోసినేట్. ఈ రెండూ ఒకచోట చేరితే రుచి రెట్టింపు కంటే ఎక్కువ పెరుగుతుంది. వీగన్ వంటల్లో చాలామంది చేప బదులు సోయా సాస్ ఒక్కటే వేసి, రుచి ఇంకా చప్పగా ఉందని మరింత పోస్తారు. సోయాలో ఉండేదీ ప్రధానంగా గ్లూటమేటే. టమాటాలో ఉన్నదే మళ్లీ పోసి ఏం లాభం, ఉప్పు పెరగడం తప్ప? రెండో రకం కావాలి. అది ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో ఉంటుంది, గ్వానిలేట్ అంటారు. తాజా పుట్టగొడుగులు ఇందుకు పనికిరావు, ఎండినవే తీసుకో.

సాస్ గురువారమే చేసి పెట్టు. బుధవారం రాత్రి నాలుగు ఎండు షిటాకేలను పెద్ద కప్పుడు చల్లనీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టు. వేడినీళ్లు పోసి తొందరపెట్టకు. మర్నాడు పుట్టగొడుగులతో సహా ఆ నీళ్లను సన్నని సెగ మీద నిదానంగా వేడెక్కించు, ఆ గుణం దిగేది అప్పుడే. మరో గిన్నెలో నిమ్మకాయంత చింతపండు నానబెట్టి చిక్కగా పిసికి వడగట్టు. రెండూ కలిపి అరకప్పు సైడర్ వెనిగర్, పావు కప్పు సోయా సాస్, రెండు చెంచాల మొలాసిస్ చేర్చు. మొలాసిస్ లేకపోతే నల్లబెల్లం, కానీ అప్పుడు రంగు తగ్గుతుంది. చిన్న ఉల్లిపాయ తరిగి, రెండు వెల్లుల్లి రేకులు చితక్కొట్టి, మూడు లవంగాలు, ఒక ఎండుమిర్చి, పది మిరియాలు, చిన్న అల్లం ముక్క వెయ్యి. చివర్లో ఇంగువ, చిటికెలో సగం. ఇది నా సొంత చేర్పు. వెల్లుల్లి ఒక్కదానితో రాని ఒక లోతు ఇంగువతో వస్తుంది. కానీ చెయ్యి జారితే గ్లాసు చారు వాసన కొడుతుంది, అప్పుడు నన్ను తిట్టుకుని లాభం లేదు. పావుగంట సన్నగా మరిగి చెంచాకు పల్చగా పట్టుకునేటప్పుడు దించి, చల్లారాక వడగట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు. చేసిన రోజున విడివిడిగా అరుస్తాయి అన్నీ. మూడో రోజుకు సర్దుకుంటాయి. గోధుమ పడనివాళ్లు వస్తుంటే సోయా బదులు గోధుమ లేని తమారి (ఒక రకం సోయా సాస్) వాడు, ఇంగువ డబ్బా మీద కూడా ఒకసారి చూడు, చాలా వాటిలో గోధుమపిండి కలుపుతారు.

ఇక కొనేవాటి సంగతి. కలిపి అమ్మే బ్లడీ మేరీ మిశ్రమాల జోలికి పోకు, చాలావాటిలో అదే సాస్ ఉంటుంది. టమాటా రసం డబ్బా మీద క్లామాటో అని ఉంటే అక్కడే వదిలెయ్, అందులో గవ్వచేపల రసం కలుస్తుంది. కెనడాలో దానితో చేసేదాన్ని సీజర్ అంటారు, 1969లో కాల్గరీలో వాల్టర్ చెల్ అనే ఆయన మొదలుపెట్టాడు. రుచికి నేను ఏ వంకా పెట్టను గానీ నీ బల్ల మీదికి రాదు. టబాస్కో అనే కారపు సాస్ గురించి బెంగ లేదు. ఎర్ర మిరప, వెనిగర్, ఉప్పు, మూడే మూడు. వోడ్కాతో కూడా సాధారణంగా చిక్కుండదు, గోధుమ, బంగాళాదుంప లాంటివాటి నుంచి దించి బొగ్గులో వడగడతారు. రుచులు కలిపిన వోడ్కాలు మాత్రం వద్దు. ఆలివ్‌లు కొనేటప్పుడు లోపల ఏం కూరారో చూడు. యాంకోవీ కూరినవీ, చీజ్ కూరినవీ ఒకే వరుసలో అమాయకంగా కూర్చుని ఉంటాయి.

ఇందులో తురిమి వేసే హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప దగ్గర కాస్త ఆగుతాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. సీసాల్లో వచ్చేవాటిలో తెల్లగా నున్నగా ఉండే రకంలో పాలో గుడ్డో ఉండవచ్చు. నువ్వు దుంపే కొను. మన ఇల్లినాయ్ రాష్ట్రంలోని కాలిన్స్‌విల్ అనే ఊరు ఈ దుంపకు రాజధానినని చెప్పుకుంటుంది, షికాగోలో ఉండి సీసా కొంటే అవమానం. పైకి మట్టి పట్టిన కొయ్యముక్కలా ఉంటుంది, ముక్కుకు ఆనించినా వాసన రాదు. చెక్కు తీసి తురమడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకు నడినెత్తికి ఎక్కుతుంది. మా నాయనమ్మ రోట్లో ఆవ నూరుతుంటే వంటింట్లోంచి మేం పిల్లలం పరుగెత్తేవాళ్లం. ఆ ఘాటూ ఈ ఘాటూ ఒకటే. నల్ల ఆవాల్లోనూ ఈ దుంపలోనూ ఘాటునిచ్చే పదార్థం ఒకటే. అది ముందుగా అందులో ఉండదు, కణాలు చితికినప్పుడే పుడుతుంది. పులుపు తగలగానే ఆ పుట్టుక ఆగిపోతుంది. కనుక తురిమిన వెంటనే వెనిగర్ పోస్తే నెమ్మదైన హార్స్‌రాడిష్, మూడు నిమిషాలు ఆగి పోస్తే కళ్లనీళ్లు తెప్పించే హార్స్‌రాడిష్. నేను రెండు నిమిషాల దగ్గర పోస్తాను. కిటికీ తీసిపెట్టుకో. దుంప దొరక్కపోతే ఆవాలు చల్లనీళ్లతో మెత్తగా నూరి, పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత నిమ్మరసం పిండు. నూరిన వెంటనే రుచి చూస్తే చేదుగా ఉంటుంది, కంగారుపడకు. ఎందుకైనా మంచిదని ముందే చెబుతున్నాను, ఆవకాయ ఊట మాత్రం వెయ్యకు. నీకు ఆ ఆలోచన వస్తుందని తెలుసు, నాకూ వచ్చింది. నూనె గ్లాసు మీద చుక్కలుగా తేలి, పెదవులకు అంటుకుంటుంది.

కొలతలు. బార్లలో పాటించే లెక్క ఒక గ్లాసుకు వోడ్కా 45 మిల్లీలీటర్లు, టమాటా రసం 90, నిమ్మరసం 15. మన సాస్ కాస్త నెమ్మది కనుక నేను టమాటా రసం 120కి పెంచి, సాస్ చెంచాన్నర వేస్తాను. పన్నెండు మందికి లీటరున్నర రసం, సాస్ అరకప్పుకు కొంచెం తక్కువ, హార్స్‌రాడిష్ నాలుగు చెంచాలు, దంచిన మిరియాలు, టబాస్కో శనివారం రాత్రే పెద్ద జగ్గులో కలిపి ఫ్రిజ్‌లో పెట్టెయ్. నిమ్మరసం మాత్రం పొద్దున్నే పిండు, రాత్రంతా ఉంటే చేదెక్కుతుంది. ఉప్పు అన్నిటికన్నా చివర, అదీ చల్లబడ్డాక రుచి చూసి. గోరువెచ్చగా ఉన్నప్పుడు సరిపోయిందనిపించిన ఉప్పు మంచు తగలగానే మందగిస్తుంది. సెలరీ అనే లావు కాడల ఆకుకూర ఆకులను ఓవెన్‌లో తక్కువ వేడికి ఆరబెట్టి, ఉప్పుతో కలిపి నలిపితే దుకాణంలో దొరికే సెలరీ ఉప్పు దాని ముందు దిగదుడుపు.

కలిపేటప్పుడు గిలక్కొట్టకు. టమాటా రసాన్ని షేకర్‌లో వేసి ఊపితే నురగ కట్టి పల్చబడుతుంది. రెండు పొడుగు గ్లాసులు తీసుకుని, ఒకదాంట్లో పెద్ద మంచుముక్కలతో పోసి, ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి నాలుగైదుసార్లు తిరగబొయ్యి. మన ఊళ్లో కాఫీ ఆరబోసినట్టే, కాకపోతే ఎత్తు నుంచి కాదు, గ్లాసు అంచుకు అంచు ఆనించి జారవిడవాలి. చిక్కదనం చెడకుండా చల్లబడుతుంది.

పైన పెట్టే అలంకారాల విషయంలో నాకు కొంచెం చాదస్తం ఉంది, భరించు. సెలరీ కాడ చాలు. అది మన షికాగోలోనే, 1960లలో అంబాసడర్ ఈస్ట్ హోటల్‌లోని పంప్ రూమ్‌లో మొదలైందని చెబుతారు, కలపడానికి పుల్ల దొరక్క ఎవరో అతిథి పక్కనున్న సెలరీ కాడతో తిప్పుకున్నారట. అక్కడి నుంచి పెరిగి పెరిగి మిల్వాకీలో గ్లాసు మీద ఏకంగా నిలువు కోడిని వేయించి నిలబెట్టేదాకా వచ్చింది. వీగన్లు కూడా పోటీకి దిగి కొబ్బరి ముక్కలను పంది మాంసపు బేకన్‌లా వేషం వేయించి గుచ్చుతున్నారు. నీ గ్లాసుకు ఆ వేషాలెందుకు? సెలరీ కాడ, ఒక ఆలివ్, వెనిగర్‌లో ఊరిన ఒక లేత బెండకాయ పెట్టు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బెండకాయను అలా ఊరబెడతారు, కరకరలాడుతుంది, జిగురుండదు. మీ అమ్మ చూస్తే నమ్మదు.

తాగనివాళ్లకు అదే జగ్గులోంచి పోసి ఇవ్వు. వోడ్కా లేకపోతే రుచి కొంచెం కుంగుతుంది కనుక ఆ గ్లాసుల్లో బెండకాయ ఊరిన వెనిగర్ రెండు చెంచాలు అదనంగా వెయ్యి. ఆ గ్లాసులకు నిమ్మచెక్క, వోడ్కా పోసినవాటికి సెలరీ పెట్టుకుంటే ఏది ఎవరిదో కలగాపులగం కాదు. కారు నడిపేవాళ్లెవరో ముందే అడుగు.

సీసా మీద చీటీ అంటించి అందులో వేసినవన్నీ రాసిపెట్టు, సోయా, ఇంగువతో సహా. ఎవరైనా తిప్పి చదవాలనుకుంటే చదువుకుంటారు.

సాస్ ఎలాగూ మిగులుతుంది. నెలాఖరుకు మీ అమ్మ వస్తుంది కదా, వేయించిన బంగాళాదుంపల మీద నాలుగు చుక్కలు వేసి పెట్టు. ఏమిటిది అని అడిగితే మామయ్య నేర్పిన పులుసు అని చెప్పు. గ్లాసు సంగతి మన మధ్యనే ఉండనీ.

ఆశీస్సులతో,
మామయ్య