తీగకు పురుగు పట్టిందని కంగారుపడకు

అమ్మలూ,

ఆరు కుండీలు పెట్టినా ఒక్క సీతాకోకచిలుక కూడా రావట్లేదు పెద్దమ్మా అని రాశావు. ఫొటో చూశాను. అన్నీ ముద్ద పూలే. రేకుల కోసం పెంచిన రకాలవి, పుప్పొడి, మకరందం ఇచ్చే భాగాలు వాటిలో బాగా తగ్గిపోతాయి. తేనెటీగ వాలుతుంది, కాసేపు వెతుక్కుంటుంది, ఖాళీ కడుపుతో పోతుంది. మళ్ళీ ఎందుకొస్తుంది?

మన నేలలో ఎవరూ నాటకుండానే మొలిచేవాటిని చూడు. తుమ్మి, తంగేడు, శంఖుపుష్పం, అడ్డసరం, ఈశ్వరి తీగ. అడవిలో పూస్తోంది కదా అని లంటానా మాత్రం తెచ్చుకోకు. సీతాకోకలు వాలతాయి, నిజమే. కానీ అది అమెరికా ఖండాల నుంచి వచ్చి ఇక్కడి అడవుల్ని ఆక్రమించిన పొద.

శంఖుపుష్పంతో మొదలుపెట్టు. గింజ తొక్క గట్టిది. ఒక పక్క గరుకు కాగితం మీద కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టు. తెల్లారేసరికి ఉబ్బనివాటిని మళ్ళీ రుద్ది నానెయ్. అరంగుళం లోతు చాలు, ఎండ మాత్రం బాగా తగలాలి. చిక్కుడు జాతి తీగ కదా, వేళ్ళ బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోంచి నత్రజని పట్టిస్తుంది. ప్రేమకొద్దీ ఎరువు గుప్పించావంటే ఆకు తప్ప పువ్వు కనపడదు. కాయ ఎండి గోధుమరంగు తిరగ్గానే కోసేసుకో, లేకపోతే చిట్లి గింజలు ఎగిరిపోతాయి.

కాస్త నేల ఉంటే తంగేడు వెయ్యి. ఆ పువ్వులో మకరందం ఉండదు, పుప్పొడే. అది కూడా కేసరాల కొసన ఉండే చిన్న రంధ్రాల్లోంచే రాలాలి. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిరిస్తే బుస్సున పడుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. పొద్దున్నే చెట్టు పక్కన నిలబడి విను, పువ్వులో ఉన్నప్పుడు తుమ్మెద గొంతు మారుతుంది. నాకైతే ఆ పూట కాఫీ గుర్తుండదు.

ఇప్పుడు ఈశ్వరి తీగ సంగతి. నేను మొదటిసారి పెంచినప్పుడు ఆకుల మీద ముదురు ఎరుపు పురుగులు కనపడ్డాయి. ఒంటినిండా మెత్తటి బుడిపెలు, మధ్యలో తెల్ల పట్టీ. తీగ పోతుందని టెన్షన్ పడి వేపనూనె కొట్టాను. రెండు రోజుల్లో అన్నీ రాలిపోయాయి. అవి నేను ఎదురుచూస్తున్న సీతాకోకలేనని తర్వాత తెలిసింది. ఎర్రటి ఒళ్ళు, నల్ల రెక్కలు ఉన్న ఆ జాతి పిల్లలు ఈశ్వరి కుటుంబపు ఆకు తప్ప మరోటి ముట్టవు. ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి, అందుకే పిట్టలు వాటి జోలికి రావు. (ఆ విషం మన కిడ్నీలకు ప్రమాదం, మందు అని ఎవరు చెప్పినా నోట్లో పెట్టుకోకు.) తీగ మొత్తం బోడి అయినా వేరు బలంగా ఉంటే మళ్ళీ చిగురిస్తుంది. అందుకే ఒక్కటి కాకుండా రెండు మూడు వెయ్యి, వాటికీ సరిపోతుంది, నీకూ కాస్త పచ్చదనం మిగులుతుంది.

నర్సరీ మొక్క కొంటే మందు కొట్టారేమో అడుగు. కొన్ని మందులు మొక్క లోపలికి ఇంకి పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరతాయి. మందు పట్టించని గింజ నుంచి పెంచితే ఆ బెడద లేదు. అడవిలోంచి మాత్రం మొక్క పీక్కురాకు, నాలుగు గింజలు చాలు.

చిల్లులు పడ్డ మొదటి ఆకు ఫొటో తీసి పంపు.

నీ పెద్దమ్మ