లోకల్ రైళ్లు మారి వెళ్తే ఎంత మిగులుతుంది?

ప్రశ్న: ఉద్యోగం ఒక నగరంలో, కుటుంబం మరో నగరంలో. నెలకు మూడుసార్లు ఎక్స్‌ప్రెస్ రైల్లో వెళ్లి వస్తున్నాను. రెండు లోకల్ రైళ్లు మారి వెళ్తే చార్జీ సగం కూడా కాదని మిత్రుడు అంటున్నాడు. ఇంత తిప్పలు పడితే గిట్టుబాటవుతుందా?

జవాబు: గిట్టుబాటవుతుంది, అయితే ప్రతి ప్రయాణానికీ కాదు. చాలా దేశాల్లో దూరప్రాంత ఎక్స్‌ప్రెస్ చార్జీ ప్రయాణం దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. లోకల్ చార్జీ సాధారణంగా దూరాన్ని బట్టో జోన్‌ను బట్టో ముందే ఖరారై ఉంటుంది. రోజూ పనికి వెళ్లేవాళ్ల కోసం నడిచే రైలు కనుక ప్రభుత్వం కొంత ఖర్చు భరిస్తుంది. అందుకే చివరి నిమిషంలో బయలుదేరినప్పుడే మీకు ఎక్కువ మిగులుతుంది. తేదీ నెల ముందే తెలిస్తే మొదట ఎక్స్‌ప్రెస్ రాయితీ టికెట్ చూడండి. తేడా నామమాత్రమైతే లోకల్ జోలికి పోవద్దు.

లెక్క ఇలా వేయండి. ఎక్స్‌ప్రెస్‌కు 100, లోకల్‌కు 40 అయితే మిగిలేది 60. అదనంగా పట్టేది గంటన్నర అయితే గంటకు 40 సంపాదించినట్టు. దీన్ని జీతంతో పోల్చమని చాలామంది చెబుతారు. నాకు ఆ పోలిక నచ్చదు. శనివారం ఉదయం ఆ గంటన్నరకు మీకెవరూ జీతం ఇవ్వరు కదా! అది పిల్లలతో గడిపే సమయంలోంచి పోతుందా, నిద్రలోంచి పోతుందా అన్నదే చూసుకోండి.

అసలు చిక్కు రైలు మారే చోట ఉంది. అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి న్యూయార్క్‌కు ఇలా వెళ్లేవాళ్లు సెప్టా (ఫిలడెల్ఫియా ప్రాంత రవాణా సంస్థ) రైల్లో మధ్యలోని ట్రెంటన్ దాకా వచ్చి, అక్కడ న్యూజెర్సీ ట్రాన్సిట్ (న్యూజెర్సీ రాష్ట్ర రవాణా సంస్థ) రైలు ఎక్కుతారు. సంస్థలు రెండు, టికెట్లూ రెండు. ఇలాంటి ఏర్పాటులో మొదటి రైలు ఆలస్యమైతే రెండోది మీ కోసం ఆగుతుందని ఆశించకండి. పగలైతే తర్వాతి రైలు దొరుకుతుంది. రాత్రి చివరి బండి తప్పితే టాక్సీకో హోటల్‌కో పెట్టే ఖర్చు అప్పటిదాకా మిగిల్చిందంతా మింగేస్తుంది. సెలవు రోజుల్లో రైళ్లు తక్కువ కాబట్టి వారాంతపు టైంటేబుల్ విడిగా చూసుకోండి.

మీ మార్గంలో నెలవారీ పాసు ఉందేమో కనుక్కోండి. జర్మనీలో 2023 మేలో మొదలైన డాయిష్‌లాండ్ టికెట్‌తో దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు ఎక్కవచ్చు. ఐసీఈ వంటి వేగ రైళ్లకు అది చెల్లదు. అలాంటి పాసు ఉంటే ఒక్కో ప్రయాణానికి కాదు, నెల మొత్తానికి లెక్క వేయాలి. మూడు రాకపోకలకే దాని ధర తిరిగి వస్తే ఊళ్లో తిరిగే బస్సు ఖర్చు కూడా కలిసివచ్చినట్టే.

మీకు నా సలహా: వెళ్లేటప్పుడు పగటిపూట లోకల్, తిరిగివచ్చే ఆదివారం రాత్రికి ముందే కొన్న ఎక్స్‌ప్రెస్. మిగిలిన సొమ్మును టికెట్ కొన్న రోజే వేరే పొదుపు ఖాతాకు మళ్లించండి. ఖర్చుల ఖాతాలోనే ఉంచితే నెలాఖరుకు అది ఎటు పోయిందో మీకే తెలియదు.