నిజాం నగలు చూడ్డానికి వస్తున్న మా అమ్మాయికి

శ్రావణీ,

దసరా సెలవులకి పిల్లల్ని తీసుకొచ్చి నిజాం నగలు చూపిస్తానని మెసేజ్ పెట్టావు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు చేదు కబురు చెప్పేస్తా. ఆ నగలు ఇక్కడ హైదరాబాదులో లేవు. మొత్తం 173 వస్తువుల్ని 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకి కొనేసింది, అప్పట్నుంచీ అవి రిజర్వ్ బ్యాంకు వాల్టుల్లో ఉంటున్నాయి. 2001లో, 2006లో మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు, మళ్ళీ తీసుకెళ్ళిపోయారు. కాబట్టి ఏడు పేటల బస్రా ముత్యాల (గల్ఫ్ సముద్రంలో సహజంగా దొరికినవి) హారం, జేకబ్ వజ్రం అని పిల్లల్ని ఊరించి తీసుకురాకు. ఇక్కడికొచ్చాక ఆ ఏడుపు నేను ఆపలేను.

అయినా రండి. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది, అదే మొదట చూడండి. 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ పాతికేళ్ళ పాలన పండగకి జనం, సంస్థలు, ఉద్యోగులు ఇచ్చిన కానుకలు అక్కడ పెట్టారు. కిరీటాలు ఉండవు. వెండి పెట్టెలు, నగరంలోని కట్టడాల వెండి నమూనాలు, వెండి తీగతో అల్లిన వస్తువులు, ఆ వేడుకలో ఆయన కూర్చున్న సింహాసనం, ఇలాంటివి. అల్లుడుగారు పది నిమిషాల్లో ‘ఇంతేనా’ అంటారు, నాకు తెలుసు. అననివ్వు. నువ్వు మాత్రం ఒక్క పెట్టె దగ్గర ఆగి, మూత ఎక్కడ అతుక్కుందో, తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వెతుకు. ఇన్నేళ్ళు చార్‌కమాన్‌లో రాళ్ళు పొదిగినవాణ్ణి, నాకే కొన్నిట్లో అతుకు దొరకలేదు.

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా కూడా ఆ హవేలీలోనే ఉంది. బీరువా అంటే మన ఇంట్లోది అనుకోకు, హాలు పొడవునా రెండు అంతస్తుల్లో సాగే చెక్క పని, పైకెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు. తొడిగిన బట్ట మళ్ళీ తొడగలేదట ఆ మహానుభావుడు. జేకబ్ వజ్రం కొన్నదీ ఆయనే, బేరం తేడా వచ్చి కలకత్తా కోర్టు దాకా వెళ్ళింది. ఆయన పోయాక 184.75 కేరట్ల ఆ రాయి బూటులో దొరికితే, కొడుకు ఉస్మాన్ అలీ దాన్ని కాగితాల మీద బరువుగా వాడుకున్నాడని చెబుతారు. ఈ కథ బీరువా ముందు నిలబెట్టి చెప్పు, పిల్లలకి బాగా ఎక్కుతుంది. బంగారు టిఫిన్ డబ్బా సంగతి కూడా. 2018లో ఇద్దరు వెంటిలేటర్ లోంచి తాడుతో దిగి వజ్రాలు పొదిగిన ఆ డబ్బాని ఎత్తుకుపోయారు, కొద్దిరోజుల్లోనే దొరికారు, వాళ్ళలో ఒకడు అందులో అన్నం కూడా తిన్నాడని పోలీసులు చెప్పారు.

ఇక అసలు చెప్పదలుచుకున్నది. పాత నగ ఎక్కడ చూసినా, ఇక్కడైనా ఢిల్లీలోనైనా, మొదటి చూపులో నిరాశపడతావు. ‘వజ్రం అంటే ఇదా, మసకగా ఉంది’ అనిపిస్తుంది. షోరూంలో నువ్వు చూసేది బ్రిలియంట్ కట్, దానికి 57 ముఖాలు, లోపలికెళ్ళిన వెలుతురు తిరిగి పైకే వచ్చేలా లెక్కకట్టి కోస్తారు. మనవాళ్ళకి రాయి బరువు ముఖ్యం. ఉన్న రాయిని వీలైనంత పెద్దగా ఉంచి పైన పలకలా సానపట్టేవాళ్ళు. పిల్లలు కోహినూర్ గురించి తప్పకుండా అడుగుతారు, అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందంటారు, ఇప్పుడు లండన్ టవర్‌లో ఉంది. 191 కేరట్ల ఆ రాయి మెరవట్లేదని 1852లో అక్కడ మళ్ళీ సానపట్టించి 105.6కి దింపారు. నా మటుకు నాకు అది పాడుపని.

పైగా కుందన్ పనిలో రాయి వెనక తెరిచి ఉండదు. కింద తళుకు రేకు పరిచి, చుట్టూ మేలిమి బంగారపు రేకు ఒత్తి బిగిస్తారు, కొక్కేలు ఉండవు. అది దీపం వెలుగుకి, మనిషి కదులుతుంటే మెరవడానికి చేసిన నగ. అద్దాల పెట్టెలో ట్యూబ్‌లైటు కింద కదలకుండా పడుంటే ఏం మెరుస్తుంది పాపం? నగ కదలదు కాబట్టి నువ్వే కదలాలి. మోకాళ్ళు వంచి కింద నుంచి చూడు, పక్కకి జరుగు, ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోకు. అద్దం పెట్టి వెనకవైపు చూపిస్తే అసలు వదలకు, మీనాకారీ పని, అంటే బంగారం మీద రంగుల పూత, అంతా అక్కడే ఉంటుంది, పెట్టుకున్న మనిషి ఒంటికి తప్ప ఎవరికీ కనిపించని చోట పూలూ చిలకలూ గీశారు. ఒక నగ దగ్గర ఇలా అయిదు నిమిషాలు గడిపితే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. ధర ఎంతుంటుందని మాత్రం అడగొద్దు, పిల్లల చేత అడిగించొద్దు, ఆ లెక్క మొదలైతే ఇంకేమీ కనిపించదు.

సాలార్‌జంగ్ మర్నాడు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు, మధ్యలో చార్మినార్, సాయంత్రం గోల్కొండ అని ప్లాన్ వేశావంటే పిల్లలకి గుర్తుండేది కాళ్ళనొప్పులే. లోపలికెళ్ళగానే జేడ్ గది (జేడ్ అనే గట్టి రాతితో చేసిన వస్తువులుండేది) ఎక్కడో అడిగి వెళ్ళండి, నూర్జహాన్‌ది అని చెప్పే పళ్ళు కోసే చాకు అక్కడుంది. పన్నెండు గంటలు కొట్టేటప్పుడు అక్కడి బొమ్మ గంట కొట్టే గడియారం దగ్గర ఒకటే తొక్కిడి, పిల్లలు ముందు వరసలో ఉండాలంటే పదకొండున్నరకే వెళ్ళి కూర్చోవాలి. వాళ్ళని అల్లుడుగారికి అప్పగించి నువ్వు జేడ్ గదిలోనే ఉండిపో.

రెండు మ్యూజియాలకీ శుక్రవారం సెలవు, టికెట్లు బుక్ చేసే ముందు చూసుకో. కారు తేవద్దు, పాతబస్తీలో పార్కింగ్ టెన్షన్‌తోనే సగం రోజు పోతుంది, ఎంజీబీఎస్ దాకా మెట్రోలో వచ్చి ఆటో ఎక్కండి.

బయటికి రాగానే పత్తర్‌గట్టీలో ‘నిజాం మోడల్ సెట్’ అని ముత్యాలు చూపిస్తారు. బస్రా ముత్యం అని ఎవరైనా చవగ్గా ఇస్తానంటే నమ్మకు, ఇప్పుడు మన బజార్లో దొరికేవి దాదాపు అన్నీ పెంచిన ముత్యాలే, చాలావరకు చైనా సరుకు. అవి చెడ్డవి కావు, బాగానే ఉంటాయి, ఆ ధరకి కొనుక్కోవాలి అంతే. మీ అత్తగారికి దండ కొనాలంటే నన్ను పిలు, నేనొచ్చి బేరమాడతాను, నువ్వు మాత్రం కొట్లో నోరు తెరవకు.

మీ బాబాయి