రెటీనా ఆపరేషన్ అయిన కంటికి శుక్లం ఆపరేషన్ చేయించవచ్చా?

రెండేళ్ల కిందట రెటీనా (కంటి లోపల వెనకవైపు వెలుతురును పట్టే పొర) ఊడి విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీ తీసే ఆపరేషన్) చేసిన కంట్లోనే మీ నాన్నగారికి ఇప్పుడు శుక్లం ముదిరిందని, మళ్లీ ఆ కంటిని కదిలించాలంటే భయంగా ఉందని రాశారు. చేయించవచ్చండి. నా కుడి కంటికి ఇదే వరసలో రెండూ జరిగాయి. అయితే మామూలు శుక్లం ఆపరేషన్‌లా చూడకండి.

ముందుగా ఒక మాట. ఈ శుక్లం రావడం ఎవరి తప్పూ కాదు. కంటి లోపలి జెల్లీ తీసేశాక లెన్స్‌కు ఆక్సిజన్ ఎక్కువ తగిలి అది మసకబారుతుంది. యాభై దాటినవాళ్లలో చాలామందికి విట్రెక్టమీ తర్వాత రెండేళ్లలోపే ఇలా అవుతుంది. నాకైతే ముందు మైనస్ పవర్ పెరుగుతూ పోయింది, ఆ తర్వాత అద్దాలు మార్చినా మసక పోలేదు.

పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతికి తీయండి. అందులో చూడాల్సింది, ఊడినప్పుడు మాక్యులా కూడా ఊడిందా అన్నది. మాక్యులా అంటే చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి వాడే నడిమి భాగం. నాకు అది ఊడింది. శుక్లం తీశాక రంగులు, వెలుతురు అద్భుతంగా వచ్చాయి, గది అంతా కడిగినట్టు కనిపించింది. కానీ తలుపు గడప, కిటికీ ఊచలు ఆ కంటికి ఇప్పటికీ వంకరగానే ఉంటాయి, చిన్న అక్షరాలు అందవు. అది రెటీనా మిగిల్చిన లోటు, కొత్త లెన్స్ దాన్ని సరిచేయలేదు. మా డాక్టర్ గారు ముందే ఓసీటీ (రెటీనా పొరలను చూపే) స్కాన్ చూపించి ఈ మాట చెప్పారు కాబట్టి నేను కుంగిపోలేదు. ఆపరేషన్ ఎలా చేస్తారని అడిగే ముందు, చేశాక ఎంతవరకు కనిపిస్తుందని అడగండి. ఇంట్లో అందరూ వినేలా అడిగితే ఇంకా మంచిది.

రెటీనా ఆపరేషన్‌లో కంటి చుట్టూ బయట బకిల్ అనే పట్టీ వేసి ఉంటే కన్ను కాస్త పొడవవుతుంది, మైనస్ పెరుగుతుంది. కాబట్టి పాత కొలతలు పనికిరావు, లెన్స్ పవర్ కొత్తగా లెక్కించాలి. రెటీనాను అదిమి ఉంచడానికి కంట్లో నింపిన సిలికాన్ ఆయిల్ ఇంకా లోపలే ఉంటే మరింత జాగ్రత్త కావాలి. జెల్లీలో శబ్దం సెకనుకు సుమారు 1532 మీటర్లు పోతే సిలికాన్ ఆయిల్‌లో 980 దగ్గరే ఉంటుంది. అందుకే అల్ట్రాసౌండ్‌తో కొలిచి సర్దుబాటు చేయకపోతే కన్ను ఉన్నదానికంటే పొడవుగా తేలి, తప్పు పవర్ లెన్స్ పడుతుంది. కాంతితో కొలిచే మెషీన్‌లో ఆయిల్ సెట్టింగ్ ఉంటుంది, వాడారా అని అడగడానికి మొహమాటపడకండి. చాలాసార్లు ఆయిల్ తీయడం, శుక్లం తీయడం ఒకేసారి చేస్తారు. లెన్స్ విషయంలో, మాక్యులా దెబ్బతిన్న కంటికి దూరం, దగ్గర రెండూ చూపించే ఖరీదైన మల్టీఫోకల్ లెన్స్ వద్దని నా గట్టి అభిప్రాయం. ఒకే దూరానికి పనిచేసే సాదా మోనోఫోకల్ ఆక్రిలిక్ చాలు. సిలికాన్ లెన్స్‌కు ఆయిల్ అంటుకుంటుంది కాబట్టి అదీ వద్దు.

సర్జన్ ఎంపికలో, విట్రెక్టమీ అయిన కళ్లకు ఆపరేషన్లు చేసిన అనుభవం ఉందా అన్నదే చూడండి. వెనక జెల్లీ ఆసరా లేకపోవడంతో ఫేకో (అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని పొడిచేసి పీల్చేయడం) చేస్తున్నప్పుడు లెన్స్ ఒక్కసారిగా లోపలికి జరగొచ్చు, దాన్ని పట్టి ఉంచే దారాలు బలహీనంగా ఉండొచ్చు. ఇది తెలిసినవాళ్లు నీటి ఒత్తిడి తగ్గించి నెమ్మదిగా చేస్తారు. నాకు మధ్యలో ఒకసారి కన్ను లోపలికి గుంజినట్టు నొప్పి వచ్చింది, అలా రావచ్చని ముందే చెప్పి ఉండటంతో టెన్షన్ పడలేదు. ఆపరేషన్‌కు ముందు రెటీనా డాక్టర్‌తో కంట్లో చుక్కలు వేయించి పూర్తిగా చూపించి, రెటీనా అతుక్కునే ఉందని రాయించుకోండి. మసక తొలగితే వాళ్లకూ వెనక భాగం స్పష్టంగా కనిపిస్తుంది, అది చిన్న లాభమేమీ కాదు.

తర్వాత చుక్కల మందులు చెప్పినన్నాళ్లూ వేయండి. చూపు బాగా వచ్చి, కొన్ని వారాలకు మళ్లీ మసకైతే మాక్యులా దగ్గర నీరు చేరి ఉండొచ్చు, మందులుంటాయి. నెలల తర్వాత మసకైతే లెన్స్ వెనక పొర కావొచ్చు, ఆ పొరలో దారి తెరిచే యాగ్ లేజర్ ఉంది. కానీ మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కలు, పక్కనుంచి తెర దిగినట్టు నీడ కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ రోజే రెటీనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈ మూడూ నాన్నగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి, పెద్దవాళ్లు మనల్ని ఇబ్బంది పెట్టకూడదని దాచిపెడతారు.

కంట్లో ఆయిల్ ఉందో, తీసేశారో, రెండో కన్ను ఎలా ఉందో రాయండి. రెండో కంటి పవర్‌ను బట్టి ఈ కంటికి ఏ పవర్ పెట్టించుకోవాలన్నది నేను డాక్టర్‌తో చాలాసేపు మాట్లాడుకున్నాను, అదీ చెబుతాను.